సూదక్క బెంచీ

మా వదిన నర్సు, నేను దర్జీని. ఇద్దరి బతుకూ సూదితోనే. అయినా వీధిలో ఆవిడని సూదక్క అని ముద్దుగా పిలుస్తారు, నన్ను మాత్రం గయ్యాళి అంటారు. ఆవిడ సూది దించినా నొప్పి తెలియదట, నేను నోరు విప్పితే చాలు గుచ్చుకుంటుందట. అననీ. మా వదిన తన గురించి ఒక్క ముక్క చెప్పుకునే మనిషి కాదు కనుక, ఆవిడ కథ చెప్పడానికి ఈ గయ్యాళి నోరే దిక్కు.

ఆవిడ పనిచేసేది సర్కారువారి ఆడవాళ్ళ క్లినిక్కులో. నా కుట్టు దుకాణం, ఆ క్లినిక్కు పక్కపక్క గదులు. మధ్యలో తలుపు ఊడిపోతే నేనే మందపాటి తెర కుట్టి వేలాడదీశాను. క్లినిక్కు గుమ్మం బయట, వీధి వైపు, పొడుగాటి చెక్క బెంచీ ఉంది. రోగులు కూర్చోవడానికట. అక్కడ వేయించిన మహానుభావుడు మగాడే అయ్యుండాలి. ఎదురుగా కిరాణా కొట్టు, పక్కన సైకిల్ షాపు, మలుపులో బస్సులు ఆగే చోటు. ఆ బెంచీ మీద ఆడది కనబడితే వీధంతా ఆరా తీస్తుంది, నెల తప్పిందా, కడుపు పోయిందా, ఏదైనా పాడు రోగం అంటుకుందా అని. అందుకే దాని మీద పిల్లులు తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు.

మా వదిన దీనికొక ఉపాయం కనిపెట్టింది. వచ్చేవాళ్ళు చేతిలో ఏదో ఒక బట్ట ముక్క పట్టుకుని నా దుకాణంలోకి వస్తారు. సంచి గోడకున్న కొక్కేనికి తగిలిస్తారు. ఆ కొక్కేల వరసే వాళ్ళ వంతు. వంతు రాగానే వదిన తెర అంచు కాస్త జరిపి, "కొలతలకి రండి" అంటుంది. పేరు పిలవదు, జబ్బు పైకి అనదు. తన భార్య ఇన్నిసార్లు కొలతలిస్తోంది, కొత్త బట్ట ఒక్కటీ కనబడదేమిటని సైకిల్ షాపాయన ఒకసారి నన్ను నిలదీశాడు. "నేను బట్టలు కుడతాను గానీ కాపురాలు కుట్టను, వెళ్ళి మీ ఆవిడనే అడగండి" అన్నాను.

ఆ తెర విలువ నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నా రొమ్ములో గడ్డని మొదట పట్టుకున్నవి మా వదిన వేళ్ళే. కోసి తీయడానికి ఊరవతల పెద్దాసుపత్రికి పంపింది. అక్కడ కిటికీ వెనకాల మనిషి, హాలు నిండా జనం ఉండగా, "రొమ్ములో గడ్డ ఎవరికమ్మా" అని అరిచాడు. మగాళ్ళు కూడా తలలు తిప్పి చూశారు. నేలలోకి కూరుకుపోతే బాగుండుననిపించింది. గడ్డ తీసేసి ప్రమాదం లేదన్నారు, కానీ మళ్ళీ రాకుండా చూపించుకుంటూ ఉండమన్నారు. చచ్చినా అక్కడ అడుగు పెట్టనని వదినకి తేల్చి చెప్పాను. అప్పట్నుంచి మా క్లినిక్కుకి వచ్చే డాక్టరమ్మే చూస్తోంది. ఇది మూతబడితే నేనింక ఎక్కడికీ పోను. నా మొండితనం సంగతి వదినకి బాగా తెలుసు. అందుకే ఆవిడకి బెంగ.

సర్కారుకి డబ్బు చాలకపోతే మొదట కోత పడేది ఆడవాళ్ళ ఒంటి మీదే. ముందు మందులు తగ్గాయి. తర్వాత ఊడ్చే మనిషిని తీసేశారు, వదినే చీపురు పట్టింది. డాక్టరమ్మ రోజూ రావడం మానేసింది. ఆ తర్వాత తనిఖీకని ఒక ఆఫీసరు రావడం మొదలుపెట్టాడు. కారు దిగుతాడు, ఖాళీ బెంచీ వైపు చూస్తాడు, ఏదో రాసుకుంటాడు, పోతాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

"తెర తీసి చూపించరాదా వదినా? ఇంతమందిని చూస్తే వాడు కళ్ళు తేలేస్తాడు."

"వాళ్ళు దాక్కున్న చోటు నేను చూపించనా? ఏం మాటలే అవి" అని నన్నే కసిరింది.

ఆఖరిసారి అతను వచ్చిన రోజు నా దుకాణం కిక్కిరిసి ఉంది. కొక్కేలు చాలక సంచులు కిటికీ ఊచలకి తగిలించారు. తెర అవతల అతని గొంతు మా అందరికీ స్పష్టంగా వినబడుతోంది.

"ఎప్పుడొచ్చినా బెంచీ ఖాళీయే కదమ్మా. వచ్చే నెల నుంచి దీన్ని పెద్దాసుపత్రిలో కలిపేస్తున్నాం."

"రిజిస్టరులో పేర్లున్నాయి సార్."

"పేర్లదేముందమ్మా, ఎన్నైనా రాయొచ్చు. మనుషులేరీ?"

మనుషులు అతని చేతికందే దూరంలో ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. వదిన ఆ తెర ఒక్కసారి లాగితే చాలు, ఉద్యోగం నిలుస్తుంది, క్లినిక్కు నిలుస్తుంది, నా ప్రాణమూ నిలుస్తుంది. ఆవిడ లాగలేదు. నేను పళ్ళు నూరుకున్నాను.

"నన్ను నమ్మి వచ్చారు సార్. వాళ్ళ పరువు మీ ముందు పరవడానికి అది నా సొత్తు కాదు. మూసేస్తే మూసేయండి. తాళం మాత్రం నా చేత్తో వేయను" అంది.

అప్పుడు నా దుకాణంలో కిరాణా కొట్టువారి కోడలు లేచింది. తలెత్తి మాట్లాడి ఎరగని పిల్ల. కొక్కెం మీది సంచి తీసుకుంది, చేతిలోని బట్ట ముక్క నా మిషను మీద పెట్టింది, నా వీధి గుమ్మంలోంచి బయటికి నడిచి వెళ్ళి ఆ బెంచీ మీద కూర్చుంది. ఎదురుగానే వాళ్ళ కొట్టు. గల్లా దగ్గర వాళ్ళత్తగారు.

పెద్దావిడ చూసింది. గల్లా వదిలేసి, చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటింది. అయిపోయింది, ఈ పిల్ల కాపురం కూలిందనుకున్నాను.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"పరీక్షకి వచ్చానత్తయ్యా. రెండుసార్లు కడుపు పోయింది కదా. మూడోసారి పోకుండా చూపించుకుంటున్నాను." వేలెత్తి ఆఫీసరుని చూపించింది. "మూసేస్తారట."

పెద్దావిడ కోడలి వైపు చూసింది, గుమ్మంలో నిలబడ్డ ఆఫీసరు వైపు చూసింది. "జరుగు" అని పక్కన కూర్చుంది. "రాసుకో నాయనా. నాకు గర్భసంచి జారి ఏళ్ళయింది. కూర్చున్నా నొప్పే, నిలబడ్డా నొప్పే. ఇన్నాళ్ళూ సిగ్గుపడి చచ్చాను. ఇంక నా వల్ల కాదు."

ఇక ఆపేవాళ్ళెవరు? ఒక్కొక్కరే సంచులు తీసుకుని బయటికొచ్చారు. బెంచీ నిండింది, మెట్లు నిండాయి. సైకిల్ షాపాయన భార్య సరిగ్గా ఆయనకి ఎదురుగా కూర్చుంది, ఆయన పానా కింద పడేసుకున్నాడు. నేను మిషను ఆపి లేచాను.

"రొమ్ములో గడ్డ నాదే సార్" అన్నాను. ఆ కిటికీ మనిషి అరిచినదానికన్నా గట్టిగానే అన్నాను. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా విన్నారు. సిగ్గు వేస్తుందేమోనని చూశాను, వేయలేదు.

వదిన గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, వీధంతా వినేలా, "తర్వాత ఎవరు? పరీక్షకి రండి" అంది. కొలతలకని అనలేదు.

ఆఫీసరు తల వంచుకుని చాలాసేపు రాసుకున్నాడు. క్లినిక్కు మూతబడలేదు. కానీ డాక్టరమ్మ వారానికి ఒక్కరోజే వస్తుందని, మందులు ఇంతకుముందు ఇచ్చినదాంట్లో సగమేనని ఉత్తర్వు వచ్చింది. చదివి నేను నోటికొచ్చినట్టు తిట్టాను. వదిన తిట్టలేదు.

"మిగతా సగం కోసం మళ్ళీ కూర్చోవాలి, అంతే. వాళ్ళ ఆఫీసు వరండాలో కూడా బెంచీలుంటాయి కదా" అంది.

ఉన్నాయి. చాలా వెడల్పైనవి. ఇవాళ వాటి మీద మేమే ఉన్నాం. కొట్టు పెద్దావిడ మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చుంది, కోడలు మంచినీళ్ళ సీసా అందిస్తోంది. బంట్రోతు వచ్చి, సారు మీటింగులో ఉన్నారు, చాలా ఆలస్యమవుతుంది, రేపు రమ్మన్నారు అని చెప్పాడు.

"ఫర్వాలేదు బాబూ, పని తెచ్చుకున్నాం" అన్నాను. సంచిలోంచి సూది తీసి దారం ఎక్కించి, మా వదిన నర్సు కోటుకి ఊడిన గుండీలు కుట్టడం మొదలుపెట్టాను.