నాలుగు అద్దాలూ ఒకేసారి

మా మావయ్య జీపు వయసెంతో మావయ్యకే తెలియదు. ఒకరోజు తనకంటే పెద్దదనేవాడు, ఒకరోజు చిన్నదనేవాడు. అత్త వింటూ ఉంటే మాత్రం ఇద్దరిదీ ఒకే ఈడు అనేవాడు. ఆయనది రంగూన్‌లో, పబేడాన్ పేటలో పప్పుల కొట్టు. నాది పజుండౌంగ్ కాలవ ఒడ్డున రేకుల షెడ్డు, కార్లకు వైరింగు పని. నేను ఆరో క్లాసులో బడి మానేసినప్పుడు మాష్టారు హమ్మయ్య అన్నాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనూ అన్నాను, ఆయనకు వినబడలేదు.

ఆ వానాకాలం రంగూన్ నిద్రలో నడుస్తున్నట్టుండేది. సైన్యం మీద జనం తిరుగుబాటు వీధుల్లోంచి ఇళ్లలోకి వెళ్లి తలుపేసుకుంది. పొద్దుగూకితే ఏదో ఒక కిటికీలో ఎవరో గిన్నె మోగించేవారు, వీధి వీధంతా అందుకునేది, మళ్లీ ఏమీ జరగనట్టు వాన చప్పుడే మిగిలేది. ఫోనులో నెట్ లేదు. అంటురోగం భయంతో ఎవరి గుమ్మంలో వాళ్లు. కాలవ మీద మంచు లాంటి జల్లు పడుతుంటే, ఎదుటి ఒడ్డున ఉన్న తాకేటా అసలుందా, మనం ఊహించుకున్నామా అనిపించేది.

ఆ తాకేటాలోనే అత్తకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇవతల పెద్దాసుపత్రి సగం మూతబడింది, అక్కడ మాత్రం చిన్న క్లినిక్కు ఒకటి నడుస్తోంది. మధ్యలో వంతెన, వంతెన మొదట్లో సైనికులు. బండిలో ఇద్దరికి మించి ఉండకూడదు, వాళ్లు పెట్టిన అడ్డం దగ్గరకు వచ్చేసరికి అద్దాలు నాలుగూ దిగి ఉండాలి, ఎవరూ కిందికి దిగకూడదు. జీపు అద్దాలేమో చేత్తో తిప్పేవి. మావయ్యకు ఎడమ భుజం పట్టేసింది. అత్త సూదులు గుచ్చే చేత్తో బరువు పని చెయ్యకూడదు, రెండో చేతిలో బలం లేదు. ఇంటి దగ్గరే అద్దాలు దించుకుని పోదామంటే వాన, ఆమెకేమో ఒకటే వణుకు. దారిలో ఆగితే ఎందుకాగావని అడుగుతారు.

ఒకరోజు వెనక అద్దం దిగలేదు. తుపాకీ మడమతో అద్దం మీద కొట్టి, మావయ్యను దింపి, చేతులు తల మీద పెట్టించి వానలో నిలబెట్టారు. పట్టేసిన భుజం లేవకపోతే లేపించారు. అత్త అంతా చూసింది.

"నాకోసరం నువ్వలా నిలబడేటట్టయితే ఆ సూదులు నాకొద్దు," అంది ఇంటికొచ్చాక. తరవాతి విడత వెళ్లనే లేదు. కాళ్లు వాచాయి. అయినా మంచం దిగలేదు.

మావయ్య జీపును నా షెడ్డులోకి తోలుకొచ్చి అన్నాడు, "అద్దాలకి మోటార్లెయ్యరా అల్లుడూ. తలుపులకి లాకులు కూడాను. గోతిలో పడితే ఎనక తలుపు దానంతటదే తెరుసుకుంటంది."

కొత్త సామాను ఎక్కడిది, ఓడలే సరిగా రావడం లేదు. పాత సామాన్ల కొట్లో ఒక జపాను కారు తలుపులు దొరికితే వాటి మోటార్లు విప్పాను. జీపు తలుపులు కోసి, తుప్పు గీకి, మోటార్లు బిగించి, బిజాగిరీల దగ్గర రబ్బరు గొట్టంలోంచి వైర్లు లాగాను. స్విచ్చులు నాలుగూ గేరు పక్కన, మావయ్య కుడిచేతి కింద పెట్టాను. డ్రైవరు తలుపు మీది బొడిపె నొక్కితే నాలుగు తలుపులకూ లాకు పడుతుంది.

"ఏట్రా, బాగు సేసినట్టా, సెడగొట్టినట్టా?"

"రెండూ సేసినాను మావా. నీకేది కావాలో అది తీసుకో."

స్విచ్చు నొక్కాడు. వాన మరకల అద్దం గూట్లోకి జారుకుంది, మళ్లీ మెల్లగా లేచింది. మావయ్య మరోసారి నొక్కాడు, మరోసారి. బ్యాటరీ అయిపోతుందని తెలుసు. నేనూ చూస్తున్నాను మరి. నీళ్లలోంచి నీళ్లే లేస్తున్నట్టుంది.

డయాలసిస్ రోజు పొద్దున్న అత్త గుమ్మంలో కుర్చీ వేయించుకుంది. వస్తాననలేదు, రాననలేదు. "పూజైతే సెయ్యండి," అంది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. పక్కింటి బర్మా ఆవిడ మల్లెదండ, ఇక్కడ బళ్లకు కట్టే ఎరుపూ తెలుపూ గుడ్డపీలికలూ తెచ్చి అద్దానికి కట్టింది. బండి లోపల ముందు సీట్లో అమ్మవారి పటం పెట్టి, పటం పాదాల దగ్గర బండి తాళాలు పెట్టాం. చివరికి సాంబ్రాణి పొగ మూలమూలకీ పట్టాలని ధూపం లోపలుంచి తలుపులు వేశాం. డ్రైవరు తలుపు బొడిపె నొక్కి పట్టుకుని విసిరితే గాని పడదని మావయ్యకు ఎన్నో ఏళ్ల అలవాటు. అలాగే నొక్కి విసిరాడు.

నాలుగు చోట్ల ఒకేసారి టక్‌మంది.

"ఆ సప్పుడేటి?"

"నా పనితనం మావా."

"మరి తాళాలు?"

"అమ్మోరి కాడున్నాయి. అడుగు, ఇస్తాదేమో."

లోపల పొగ నిండుతోంది. పొగలో అమ్మవారు ఒకసారి కనిపించి ఒకసారి మాయమవుతోంది. ఆలస్యమైతే క్లినిక్కులో మంచం ఇంకొకరికి ఇచ్చేస్తారు. మావయ్య రాయి అందుకున్నాడు. పగిలిన అద్దంతో వంతెన దగ్గరికెళితే ఏమడుగుతారో చెప్పి, రాయి లాక్కున్నాను.

ఏదో చప్పుడైతే తిరిగి చూశాం. అత్త నవ్వుతోంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, కుర్చీ ఊగిపోయేలా.

"ఆ బొడిపి పైకి లాగితే సాలు కదా?" అంది. కొట్లో అట్టపెట్టెలకు కట్టే ప్లాస్టిక్ పట్టీ తెమ్మంది. పూలు కట్టే దారంతో పట్టీ చివర ఉచ్చు వేసింది. మల్లెమొగ్గను నలగకుండా బిగించే ముడి అది. నేను తలుపు పైమూల లాగి పట్టుకుంటే, పట్టీని సందులోంచి తనే దింపింది. ఉచ్చు పొగలో ఊగుతోంది. "గాలి పీల్సకండి ఎవరూ," అంది. ఉచ్చు బొడిపెకు పడింది. లాగింది.

మళ్లీ నాలుగుసార్లు టక్. మేము రమ్మనేలోపే వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

నేను షెడ్డుకు పరిగెత్తాను. అక్కణ్ణించి వంతెన మొదలు కనిపిస్తుంది. జల్లులో జీపు మెల్లగా అడ్డం వైపు వెళుతోంది. నాలుగు అద్దాలూ ఒకేసారి కిందికి జారాయి. నాలుగు కిటికీల్లోంచీ తెల్లటి పొగ లేచి, వానలోకి వచ్చి, ఎటు వెళ్లాలో తెలియనట్టు నిలబడింది. సైనికుడు ఒకడు తల లోపలికి పెట్టాడు. తల బయటకు తీశాడు, చెయ్యి ఊపాడు. జీపు వంతెన ఎక్కి, జల్లులో కరిగిపోయింది.

సాయంత్రం తిరిగొచ్చారు. అత్త ముఖం తేటపడింది.

"ఏటన్నాడత్తా ఆడు?"

"వాసన పీల్సినాడు. గుడికా ఆంటీ, అన్నాడు."

"నువ్వేటన్నావు?"

"అవునన్నాను." చెప్పులు విడిచి, వాపు తగ్గిన కాళ్లు చాపుకుంది. "మీ మావకి సెప్పు, మళ్లీ విడతకి ఇంకాస్త బేగి బయల్దేరాల."

లోపల్నించి మావయ్య, "ఇనబడతంది," అన్నాడు.