పడుగు కోసిన మధ్యాహ్నం

మా మామ గుంట మగ్గం మీద కూర్చుంటే ఆయన్ని లేపడం ఎవరి తరమూ కాదు. కాళ్లు మోకాళ్ల దాకా గుంటలో ఉంటాయి, లేవాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. పైగా చీర పూర్తి కాకుండా పడుగు దారాలకు కత్తెర తగిలితే ఇంటికి మంచిది కాదని మా ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇళ్లలో గట్టి నమ్మకం. నేనూ నమ్మేదాన్నే.

ఆ మధ్యాహ్నం నా ఫోను చెవులు చిల్లులు పడేలా మోగింది. పైన కురిసిన వానకు వంక పొంగుతోంది, ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే మెరకకు వెళ్లండి అని తెలుగులో మెసేజి. మా ఇల్లు వంక ఒడ్డునే.

"లెయ్ మామా, వంకకు నీళ్లొస్తాండాయంట!"

"మొన్న గూడా ఇట్లే మోగె గదమ్మా, ఉత్త పరీక్షే అనిరి. ఆదోనిలో వాడుండాడు గదా, అడుగు."

ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేసే నా భర్తకు ఫోన్ చేశాను. "నాకేం రాలేదే. ఈడ ఎండ కాస్తాంది," అన్నాడు. ఇంకేముంది, కొడుకు ఫోను మోగలేదంటే అంతా ఉత్తదే! మామ మళ్లీ నాడె అందుకుని నేయసాగారు.

ప్రమాదం ఉన్న చోట ఫోన్లే మోగుతాయని, ఆదోనికి మా వంకతో పనేమిటని చెప్పి చూశాను. చెవిన పెట్టలేదు. వీధిలో జనం మూటలు పట్టుకుని పరుగెడుతున్నారు. బతిమాలే ఓపిక నాకు మామూలుగానే తక్కువ, ఆ రోజు అసలు లేదు. గోడకు వేలాడే కత్తెర తీసి, ఆయన చూస్తుండగానే పడుగును అడ్డంగా కోసేశాను.

"ఇంగ నేసేదానికేం లేదు. లెయ్ మామా."

నోటికొచ్చినట్లు తిట్టారు. తిట్లు తింటూనే చంకల కింద చేతులు వేసి గుంటలోంచి పైకి లాగాను.

మెరక మీది బడికి చేరాక నన్ను చూడకుండా అటు తిరిగి కూర్చున్నారు. నాకు భయం పట్టుకుంది. వంక రాకపోతే ఆ ఇంట్లో మొహం ఎలా చూపించను? వస్తే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను కూడా, సిగ్గు లేకుండా.

మర్నాడు నీళ్లు తగ్గాక ఇంటికొచ్చాం. గుంట నిండా బురద. గోడ మీద నీటి చార నా నడుం ఎత్తున ఉంది. మామ దాన్ని చేత్తో తడిమి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"మళ్లా మోగితే నన్నడగద్దమ్మా. కోసెయ్."