నాయనమ్మ కుట్టిన జవాను

మా చిన్నప్పుడు... మా తాత బనీను వీపు మీద గులాబీ పూలుండేవి. చిరిగిన చోట మా నాయనమ్మ నా లంగా ముక్క వేసి కుట్టింది మరి! ఆయన ఆ బనీనుతోనే దర్జాగా దుకాణంలో కూర్చునేవాడు. ఎదురుగా చూస్తే షావుకారు... వెనక నుంచి చూస్తే పూలతోట.

నేను చెబుతుంటే మనవరాలు టైపు చేస్తోంది. తప్పులుంటే దానివే.

బస్తరులో ఇంకా రాజుగారి పాలన నడుస్తున్న రోజులవి. భోపాలపట్నం దారిలో, అడవి అంచున మా ఊరు. మా దుకాణంలో ఉప్పు, బట్టలు ఉండేవి. అడవిలో ఉండే దొర్లవాళ్లు, గోండులు ఇప్పపువ్వూ చింతపండూ తెచ్చిపోసి, బదులుగా ఉప్పూ బట్టా పట్టుకుపోయేవారు. అరుగు మీద ఒక కుట్టుమిషను. దాని కింద రాలిన ముక్కల మీద సర్వహక్కులూ మా నాయనమ్మవే!

పీలిక కనబడితే చాలు, ఆవిడ చెయ్యి ఊరుకునేది కాదు... బొంతలు, చుట్టకుదుళ్లు, తాతకు వక్కసంచి, నాకు బొమ్మలు, చివరికి మా ఎద్దు కొమ్ములకు కుచ్చులు కూడా. ఇంకా మిగిలితే దీపంలో ఒత్తి.

ఒక్క ఖాకీ ముక్కలే ఆవిడను ఏడిపించాయి. అడవిని కాపలా కాసే జవాన్ల బట్టలు మా అరుగు మీదే కుట్టేవారు. ఆ గుడ్డ ఎంత మొరటంటే, బొంతలో వేస్తే మా అందరి వీపులూ గీరుకుపోయాయి. బొమ్మకు చీర కడితే అది నిలబడే ఉంటుంది... కూర్చోబెడదామంటే కూర్చోదు. ఖాకీ మూట మాత్రం పెరుగుతూనే ఉంది.

"పొయ్యిల పెట్టరాదే!" అనేవాడు తాత.

"నీ పంచె పెడత" అనేది నాయనమ్మ.

అంతలో ఇప్పపువ్వు కాలం వచ్చింది. పెరట్లో పువ్వు ఎండబోస్తే కోతులు దిగాయి. అప్పుడు వెలిగింది నాయనమ్మకు! ఖాకీ ముక్కలన్నీ అతికించి చొక్కా, నిక్కరు కుట్టింది. లోపల గడ్డి కూరింది. ఎండిన సొరబుర్ర తల, బొగ్గుతో మీసం, చేతికో లాఠీ... అచ్చం జవానే! పెరట్లోకి వెళ్లాలంటే నాకు అమ్మ తోడు రావాల్సి వచ్చేది.

కోతులు మాత్రం ఏమాత్రం జడవలేదు. ఒకటైతే వాడి భుజమెక్కి కూర్చుని తలలో పేలు కూడా చూసింది.

కానీ మా తాతకు వాడు తెగ నచ్చేశాడు. "గింత మంచి మనిషిని పెరట్ల నిలబెడ్తవా?" అంటూ ఎత్తుకొచ్చి దుకాణం ముందు పాతాడు. దుకాణానికి దర్జా వచ్చిందట!

సంత రోజు వచ్చింది. ఇప్పపువ్వు దొరికే ఆ కొద్ది సంతల మీదే మా ఏడాది తిండి. తాత పొద్దున్నే తక్కెడ తుడుచుకుని కూర్చున్నాడు. దారి మలుపులో కావళ్లు కనిపించాయి... ఆగాయి... మాయమయ్యాయి. ఇంకో గుంపు వచ్చింది. అదీ అంతే. పొద్దెక్కినా దుకాణం గడప తొక్కినవాడు లేడు.

తాత ముఖం మాడిపోయింది. "ఎవడో దిష్టి పెట్టిండే! గిట్లయితే ఏడాదంతా ఏం తింటం?" అని నాయనమ్మ చేత మిరపకాయలు తిప్పించి నిప్పుల్లో వేయించాడు. ఇంటిల్లిపాదీ దగ్గడం తప్ప ఏమీ జరగలేదు.

చివరికి ముత్తవ్వ వచ్చింది. దొర్ల ముసలమ్మ... ఏటా మొదటి గంప మాకే పోసేది, నాయనమ్మతో గంటలు గంటలు ముచ్చట్లు పెట్టేది. అలాంటిది ఆ రోజు లోపలికి రాలేదు. జవాను ముందు గంప దించింది. చంకలో ఉన్న కోడిని వాడి కాళ్ల దగ్గర పెట్టింది. వంగి దండం పెట్టింది.

"దొరా... కోడి తీస్కో. నా పువ్వు నన్ను అమ్ముకోనియ్యి. కొట్టకు దొరా!"

దొర పలకలేదు. పలకని దొరంటే ఇంకా భయం కదా! ముత్తవ్వ మెడలోని పూసలు కూడా తీయబోయింది.

నేను కిసుక్కున నవ్వాను. నాయనమ్మ నవ్వలేదు. పరుగున వచ్చి ఒక్క గుద్దుతో ఆ సొరబుర్రను కింద పడేసింది. "గడ్డి బొమ్మ ముత్తక్కా! నా చేతులు పడిపోను, నేనే కుట్టిన!" అంటూ ఆమె చేతులు పట్టుకుని ఏడ్చేసింది.

అప్పుడు గానీ తాతకు సంగతి బోధపడలేదు. దారిలో కావళ్లు దింపించి జవాన్లు ఏమేం లాక్కునేవారో ఊరందరికీ తెలుసు. మాకూ తెలుసు. మా గడ్డి జవానును చూసినా జనం గుండెలు జారిపోతాయని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదంతే.

కోడిని మాత్రం ముత్తవ్వ ఎంత చెప్పినా వెనక్కి తీసుకోదే! "మళ్ల వస్తడు, అడుగుతడు" అంటుంది. తల ఊడిపడినోడు ఎట్ల వస్తడని నాయనమ్మ అడిగితే, "జవానే గదా... వస్తడు" అంది.

నాయనమ్మ కత్తెర తెచ్చి అక్కడికక్కడే జవాను చొక్కా కోసేసింది. మడత మీద మడత పెట్టి, గంప కిందికి ఒక చుట్టకుదురు చేసిచ్చింది. ముత్తవ్వ దాన్ని నెత్తిన పెట్టుకోలేదు, నేల మీద పెట్టింది. అటూ ఇటూ చూసింది. కాలితో ఒక తొక్కు తొక్కింది. ఏమీ కాలేదు. ఇంకోటి తొక్కింది. కోడిని మళ్లీ చంకలో పెట్టుకుంది. తర్వాత పళ్లు లేని నోరంతా తెరిచి నవ్వింది చూడండీ... ఆ నవ్వు విని మలుపు దగ్గర పొదల్లోంచి కావళ్లన్నీ బయటికొచ్చాయి!

సాయంత్రానికి జవాను మొత్తం ఖర్చయిపోయాడు... కొందరికి భుజం మెత్తలుగా, కొందరికి చుట్టకుదుళ్లుగా. తాత తక్కెడకు ఊపిరాడలేదు.

తర్వాతి సంతకు అసలు జవాను ఒకడు కొత్త చొక్కా కొలతలివ్వడానికి వచ్చాడు. ప్రతి కావడి కిందా, ప్రతి గంప కిందా ఖాకీ! నోరు వెళ్లబెట్టి "యే క్యా హై?" అన్నాడు.

"మీ ముక్కలే బాబూ. గట్టి గుడ్డ... మస్తు బరువు మోస్తది" అంది మా నాయనమ్మ, సూదిలో దారం ఎక్కించుకుంటూ.

ఇప్పుడు అన్నీ రెడీమేడ్ బట్టలే... ఇంట్లో ముక్కలే మిగలవు. పాతవి పోగేసి ఇస్తే వీధిలో ప్లాస్టిక్ బకెట్ ఇచ్చిపోతున్నారు. మీ నాయనమ్మలు, అమ్మమ్మలు గుడ్డముక్కలతో ఏమేం చేసేవారో కింద రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది. మా ఇంట్లో బకెట్లయితే బోలెడున్నాయి... ముత్తవ్వ నవ్వు లాంటి నవ్వు మాత్రం మళ్లీ ఎవరి నోటా వినలేదు.