కనబడని పాదాలకు నీళ్లు

మా పక్కింటి అత్త పోయింది. సింహాచలం గిరి ప్రదక్షిణ ఇంకా వారం ఉందనగా, చేపల గంప దించుకుని అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయిందట. స్టీల్ ప్లాంట్ డ్యూటీ బస్సులో ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నా నోట మొదట వచ్చిన మాట, "అయ్యో, మరి నడకో?"

ఆషాఢ పౌర్ణమికి కొండ చుట్టూ నడిచే జనం అప్పూఘర్ దగ్గర మా పేట ముందు నుంచే పోతారు. ఆ రోజు అత్త చేప ముట్టేది కాదు. పసుపు నీళ్ల బిందెలు రోడ్డు వారన పెట్టుకుని, వచ్చేవాళ్ల కాళ్ల మీద చెంబుతో పోసేది. ఎవరైనా చెప్పులతో కనబడ్డారా, అయిపోయారే! "సెప్పులేసుకుని మొక్కేటి బాబూ? ఇప్పు ముందు!" ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, విప్పాల్సిందే.

కాళ్లకే ఎందుకని ఒకసారి అడిగాను.

"పెహ్లాదుణ్ణి సముద్రంలో పడీసి మీద కొండ ఎత్తేత్తంటే, అప్పన్న ఎంత తొందరగా దూకీసాడంటే పాదాలు నేలలోకి దిగిపోనాయి. గుళ్లో అవి ఎవలికీ కనబడవు. ఈళ్ల కాళ్లే ఆయన కాళ్లనుకుంటాను."

ఇంత చెప్పినావిడ కొండెక్కేది కాదు. మావయ్య సముద్రం మీద చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పట్నుంచీ ఆవిడకి దేవుడితో మాటల్లేవు. "ఆ పిల్లోడి కోసం దూకినోడు మీ మావ కోసం దూకలేదేటి? ఆయనకేటి, సందనం పూసుకుని సల్లగా కూకున్నాడు. మంట నాది" అనేది.

మొన్న వేసవిలో మాత్రం, "ఈ ఏడు నానూ నడుత్తానే కోడలా. ఎదురుగా నిలబడి ఒక్క మాట అడగాల" అంది.

"అంత దూరం నడిచేసరికి అడగాల్సింది మర్చిపోతావు" అని ఏడిపించాను.

"మర్సిపోతే పోనీ. ఈ కోపం ఎన్నాళ్లని మొయ్యను?"

ఆ అలక తీరకుండానే వెళ్లిపోయింది. నాకు అదే బాధ. ఇంకొక్క పౌర్ణమి ఆగితే ఏం పోయేది స్వామీ అని నాకూ కోపం వచ్చింది.

పౌర్ణమినాడు బిందెలు నేనే పెట్టాను. పద్మనాభం ఊరి నుంచి ఏటా వచ్చే తాత ఒకాయన అలవాటుగా ఆగి, కాళ్లు ముందుకు పెట్టి, అటూ ఇటూ చూశాడు.

"అమ్మేదీ?"

పోయిందనడానికి నోరు రాలేదు. "ఈ ఏడు నడుత్తంది తాతా. ముందెళ్లిపోనాది" అన్నాను.

"అలాగేటి? అయితే బేగి నడిసి అందుకుంటాన్లే" అని నవ్వి, తడి కాళ్లతో గబగబా సాగిపోయాడు. రోడ్డు మీద ఆయన అడుగులు కొంత దూరం కనబడ్డాయి. ఎండకి ఒక్కొక్కటే ఆరిపోయాయి.