వంటావార్పు కాడ పైలట్

కోరుట్లల సామేలును ఎరుగనోళ్లు లేరు. మిలిటరీల పైలట్ ఆయన. యుద్ధవిమానాలకు ఆకాశంలనే పైపుతోని పెట్రోలు పోసే పెద్ద విమానం నడుపుతడు. ఆయన విమానం నేరుగ పోతనే ఉంటది, తక్కినవే దగ్గరికొచ్చి తాగి పోతయి. ఆ అలవాటుకు లీవుల ఇంటికొచ్చినా కుర్చీల కదలకుండ కూసుంటడు. చాయైనా నీళ్లైనా ఆయన చేతికే రావాలె. తెలంగాణ కోసం సమ్మె నడిచిన యేడు ఆ సుఖం పోయింది. తల్లి ముత్తవ్వ బియ్యం, భార్య లావణ్య గిన్నెలు పట్టుకొని నడిరోడ్డు మీదనే వండి, బంతిల కూసొని తినుకుంట నిరసన చేసే వంటావార్పుకు పోయిండ్రు. "నేనొస్తే నౌకరి ఊడుతది. మిలిటరోడు ఉద్యమంల కూసోవద్దు" అని సామేలు ఇంట్లనే ఉన్నడు.

పొద్దు నెత్తికెక్కినంక చారు తాలింపు వాసన గల్లీలకు వచ్చింది. సామేలు చేతులు వెనుకకు కట్టుకొని, ఊరికే తిరుగుతున్నట్టు రోడ్డెక్కిండు. "అగో, విమానాలకు పోసేటోడు బువ్వకొచ్చిండు!" అన్నది ముత్తవ్వ. "ఉద్యమానికి రాలేదవ్వా, అన్నానికే వచ్చిన" అని గంభీరంగ చెప్పి బంతి కొసకు కూసున్నడు. రెండు బుక్కలు తిన్నడో లేదో, పేపరాయన కెమెరా ఎత్తుకొని వచ్చిండు. సామేలు చెయ్యి నోటి కాడనే ఆగింది. ముత్తవ్వ గంటెతోని సైగ చేసింది. వడ్డించే ఆడోళ్లంత వచ్చి ఆయనకు అడ్డంగ భుజం భుజం కలిపి నిలవడి, "జై తెలంగాణ!" అని కెమెరా దిక్కు చూసి నవ్విండ్రు. వాళ్ల వెనుక నుంచి సన్నగ ఓ గొంతు వినవడ్డది: "లావణ్యా, ఇంకింత చారు పొయ్యి."