ఆగని ఇస్త్రీ పెట్టె

ఎడ్నా క్లెగ్ ఇస్త్రీ చెయ్యడం ఆపిందంటే అధ్యాయం బతికినట్టు, ఆపలేదంటే పొయ్యిపాలైనట్టు. యార్క్‌షైర్ కొండల్లోని ఆ చిన్న ఊళ్లో లెస్లీ హోల్రాయిడ్ తన పదకొండు సంపుటాల మాయారాజ్యాల కథ రాసిందంతా ఈ లెక్క మీదే. లోకమంతా నెత్తిన పెట్టుకున్న ఆ రచయిత, మంగళవారం వచ్చేసరికి కాగితాల కట్ట చంకన పెట్టుకుని, తన బట్టలుతికే ఎడ్నా వంటింట్లోకి దొడ్డిదారిన వచ్చి, ఆమె ఇస్త్రీ చేస్తుంటే కొత్త అధ్యాయం చదివి వినిపించేవాడు.

బాగుందా అని నోటితో అడిగితే లాభం లేదు. ఆ ఊళ్లో మెచ్చుకోలు కూడా పొదుపే. "పర్లేదు" అన్నారంటే ఆకాశానికెత్తినట్టే. అందుకని ఆయన ఎడ్నా నోటిని వదిలేసి చేతిని నమ్ముకున్నాడు.

"ఏం ఎడ్నా, ఇంకా రుద్దుతూనే ఉన్నావే?"

"మీ రాజుగారు గుర్రం దిగేసరికి నాకు రెండు దుప్పట్లయిపోయాయి, మిస్టర్ హోల్రాయిడ్. మోకాళ్ల నొప్పులా ఆయనకి?"

ఆయన పకపకా నవ్వి ఆ కాగితాలు పొయ్యిలో పడేసేవాడు.

చివరి అధ్యాయం తెచ్చేనాటికి దగ్గు ఆయన్ని పీల్చి పిప్పి చేసింది. కథలో ముసలి రాణి యుద్ధం ముగించుకుని ఖాళీ ఇంటికొచ్చి, పొయ్యి రాజేసి, అలవాటు కొద్దీ రెండు కంచాలు పెడుతుంది. బొగ్గుగనిలో భర్త పోయినప్పటినుంచి ఎడ్నా కూడా టీకి రెండు కప్పులే తీస్తోంది. పరాయి మగాడి ముందు ఏడవడమా! తల వంచుకుని ఒకే దిండు గలీబును మళ్లీ మళ్లీ రుద్దింది. ఆయన అటు చూడలేదు, ఇస్త్రీ పెట్టె చప్పుడే విన్నాడు.

"ఇదీ కాదన్నమాట," అంటూ పొయ్యి తలుపు తెరిచాడు.

ఆగండి అనాలి. నోరు తెరిస్తే ఏడుపే వస్తుంది. కాగితాలు బూడిదయ్యాక గానీ ఆమెకు మాట రాలేదు.

"టీ పెట్టనా?"

"వద్దులే. పై మంగళవారం ఇంతకన్నా మంచిది తెస్తా."

ఆ మంగళవారం ఆయన్ని పూడ్చిపెట్టారు.

ప్రచురణకర్తలు ఇంకెవరిచేతో ముగింపు రాయించారు. అందులో రాణి కత్తి పట్టుకుని వీరమరణం పొందుతుంది. ఎడ్నా మేనకోడలు మోరీన్ దాన్ని వంటింట్లో కూర్చుని, ఇస్త్రీ చేస్తున్న అత్తకి చదివి వినిపించింది.

"ఏం అత్తా, ఎలా ఉంది?"

"పర్లేదు," అంది ఎడ్నా.

ఎంత తేలిగ్గా వచ్చేసింది ఆ మాట! అప్పుడు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, మోరీన్ చూస్తుండగానే బావురుమంది.