నాయన పలువరస

నా పై పళ్ళలో ముందువి రెండూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉండేవి. అచ్చం మా నాయన పళ్ళే అనేవాళ్ళు. సరిపోల్చి చూసుకుందామంటే మా ఇంట్లో ఆయన ఫోటో ఒక్కటి కూడా లేదు.

జమ్మలమడుగు దగ్గర పల్లె మాది. ఫ్యాక్షన్ రోజుల్లో నాయన ఒక నాయకుడి వెంట తిరిగేవాడు. ఆ నాయకుడి కోసమే చచ్చిపోయాడు. అప్పటికి నాకు నాలుగేళ్ళు. ఆ వారమే మా ఇల్లు తగలబెట్టారు. కార్డులూ కాగితాలూ బూడిదయ్యాయి. మా అవ్వగారింట్లో ఉన్న పెళ్ళి ఫోటో ఒక్కటే మిగిలింది. తర్వాత ఎన్నికలొచ్చాయి. నాయకుడి మనుషులు జీపులో వచ్చి, పార్టీ కోసం ప్రాణమిచ్చినవాళ్ళ ఫోటోలన్నీ పెద్దవి చేయించి ఆఫీసులో దండలేసి పెడతామన్నారు. అమ్మ మురిసిపోయి ఫ్రేముతో సహా ఇచ్చేసింది. ముందొక కాపీ తీయించుకోవాలని ఎవరికీ తట్టలేదు. మా వైపు అంతే, నాయకుడు అడిగాక ఆలోచించడం మర్యాద కాదు. మరుసటి ఎన్నికలకు ఆయన కండువా మార్చాడు. నాయనను చంపించినవాళ్ళ పక్కనే కూర్చుని నవ్వుతూ ఫోటోలు దిగాడు. అమ్మ జమ్మలమడుగు పోయి చూస్తే, పార్టీ ఆఫీసు ఉన్నచోట బియ్యం అంగడి ఉంది. "యా ఫోటో మ్మా?" అన్నాడంట అంగడాయన. ఆ నాయకుణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఊరు వదిలి పులివెందులలో మా మామ ఇంట్లో తలదాచుకున్నాం. ఒకసారి వేంపల్లె నుంచి బస్సులో వస్తున్నాం. ముందు సీటాయన వెనక్కి తిరిగి నన్ను చూసి, "ఈ పాప ఫలానా ఆయప్ప కూతురు గదా? ఆ పండ్లు చూస్తానే తెలుస్తాండాది" అన్నాడు. మంచికే అన్నాడో చెడుకే అన్నాడో తెలియదు. అమ్మ నా రెక్క పట్టుకుని తర్వాతి స్టాపులోనే దింపేసింది. ఆ రోజు నుంచి ఒకటే పాట, "నోరు మూసుకోని నవ్వు పాపా" అని. నేనూ అలాగే పెరిగాను. ప్రొద్దుటూరులో లెక్కల టీచరునయ్యాక కూడా ఒక చేతిలో చాక్‌పీసు, ఇంకో చెయ్యి నోటికి అడ్డం. నేను అటు తిరిగితే చాలు, పిల్లలు నన్ను అనుకరించేవాళ్ళు.

ఆ ముందు పళ్ళ సందులో అన్నం ఇరుక్కుని చిగుళ్ళ నుంచి రక్తం కారడం మొదలైంది. ఇట్లాగే వదిలేస్తే పళ్ళు కదిలిపోతాయన్నాడు డాక్టరు. కంపి తీగ కట్టకుండా, పళ్ళకు తొడుక్కునే అద్దంలాంటి ప్లాస్టిక్ ట్రేలతో వరస సరిచేస్తానన్నాడు. రెండు వారాలకొక ట్రే, ఒక్కొక్కటీ పళ్ళను కాస్త కాస్త జరుపుతుంది. చెబితే అమ్మ, "మంచిదే లే, చేపిచ్చుకో" అంది. ఇన్నేళ్ళకు ఆమె భయం తీరుతుందని నేనూ సంబరపడ్డాను.

ఆరో ట్రే దగ్గర పళ్ళు జరగడానికి చోటు చాలలేదు. పన్నుకూ పన్నుకూ మధ్య పైపొర ఒకింత రాపించి అరగదీయాలన్నాడు డాక్టరు. ఆ రోజు అమ్మ కూడా బీపీ మాత్రలు కొనుక్కోవాలని నాతో వచ్చి, కుర్చీ పక్కనే స్టూలు మీద కూర్చుంది. డాక్టరు సన్నటి ఇనుప పట్టీ ఒకటి పళ్ళ సందులో దూర్చి, ముందుకూ వెనక్కూ లాగాడు. గరుకు కాగితంతో చెక్కను రుద్దినట్టు చప్పుడు. నొప్పి లేదు. నాలుక మీద మాత్రం సున్నంలాంటి పిండి.

"నాయినా, రాపిచ్చింది మల్లా పెరుగుతాదా?" అని అమ్మ అడిగింది.

"పెరగదమ్మా. గోరు కాదు కదా. కానీ తీసేది వెంట్రుకంతే, ఏమీ కాదు."

"అట్లయితే ఆ రెండూ మల్లా ముందు మాదిరి నిలబడవా?"

"నిలబడకూడదనే కదమ్మా ఇదంతా" అని ఆయన నవ్వాడు. నోరు తెరిచి ఉన్న నేనూ లోపల నవ్వుకున్నాను. అమ్మ ముఖం నేను చూడలేదు.

మెట్లు దిగుతూ సగంలో ఆమె కూలబడింది. బీపీ అనుకుని కంగారుపడ్డాను. "మీ నాయన మొగం నాకు మరుపొస్తాండాది పాపా" అంది. "కండ్లు యాదికి రావు. మీసం యాదికి రాదు. నువ్వు మధ్యాన్నం పండుకుంటే నోరు తెరుస్తావు గదా, అప్పుడొచ్చి చూసుకుంటాంటి. ఆడ ఒక్కచోటే ఉండె ఆయప్ప."

నాకు జాలి కంటే ముందు కోపమొచ్చింది. "ముప్పై ఏండ్లు నోరు మూసుకోమని సంపితివి గదమ్మా! ఈ మాట నిన్న చెప్పకూడదా?" అని ఆ మెట్ల మీదే అరిచాను. చెబుదామనే వచ్చినా, ఆయన రాపిచ్చేదాంకా ధైర్యం చాల్లేదు అంది అమ్మ. ఆ మాట విన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. నొప్పి పుడితే చెయ్యెత్తమన్నాడు డాక్టరు. అమ్మ అట్లా అడిగినప్పుడైనా నేను చెయ్యెత్తి ఆపించలేదు.

ఇంటికొచ్చి నా ఫోటోలన్నీ తిరగేశాను. చిన్నప్పటి నుంచి ఒక్కదాంట్లోనూ పళ్ళు లేవు, అన్నిట్లోనూ పెదాలు బిగించే ఉన్నాను. మొదటి రోజు తీసిన నా పళ్ళ అచ్చు ఉందేమోనని క్లినిక్‌కు ఫోన్ చేశాను. ట్రేలు వచ్చాక పారేశామండీ అన్నారు. అప్పుడు పిచ్చి పట్టినట్టు పాత ట్రేల డబ్బా తీశాను. పళ్ళు మళ్ళీ పాత వరసకు జరగాలని ఆరోది పక్కన పడేసి ఐదోది పెట్టుకున్నాను. తర్వాత నాలుగోది, మూడోది. వెనక్కి, వెనక్కి. దవడలు పగిలిపోయేవి. బడిలో బోర్డు మీద వేసిన లెక్క నాకే అర్థమయ్యేది కాదు. క్లినిక్ నుంచి ఫోన్ వస్తే ఎత్తేదాన్ని కాదు. మొదటి ట్రే దాకా వచ్చాక తెలిసింది, అది కూడా పాత వరస కాదు, అప్పటికే కాస్త జరిపిన వరస. పైగా రాపించినచోట పళ్ళ మధ్య సందు. దేవుడా, ఇంకేం చేయను అని అద్దం ముందే కూర్చుని ఏడ్చాను.

ఆ ఆదివారం ట్రే తీసేసి, అమ్మను వాకిట్లో వెలుతురుకు కూర్చోబెట్టి నోరు తెరిచాను. ఆమె కళ్ళజోడు తుడుచుకుని, నా గడ్డం పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది.

"మీ నాయనకు ఇట్లనే ఉండెనా పాపా?" అని నన్నే అడిగింది.

నాకు నాయన ముఖం తెలియదు.

"ఇట్లనే ఉండె మ్మా" అన్నాను. అమ్మ తలూపి, ఇంకొంచెం దగ్గరికి జరిగి చూసింది.